ఇంటింటా ఒక ప్రసార కేంద్రం



బెంగళూరు ఆకాశవాణి మీడియం వేవ్ ప్రసారాలు దశాబ్దాల పాటు 612 కిలోహెర్ట్జ్‌ల మీద వినిపించాయన్న సంగతి మన సరిహద్దు జిల్లాల పాత శ్రోతలకు వేరే చెప్పనక్కరలేదు. హిందూపురంలోనూ, మడకశిరలోనూ, కుప్పంలోనూ, అవతల చింతామణిలోనూ రేడియో ముల్లు ఎక్కడ ఆగాలో కళ్ళు చూడకుండానే చేతికి తెలిసేది. ఆ ట్రాన్స్‌మిటర్ శక్తి 200 కిలోవాట్లు, అంటే రెండు లక్షల వాట్లు. దాని అల ఒక్కొక్కటి సుమారు 490 మీటర్ల పొడవు. అంత పొడవైన అలకు పెనుకొండ కొండైనా, నంది కొండైనా పెద్ద అడ్డంకి కాదు. ఇక మన మిద్దె గోడ దానికి ఏ పాటి?

ఇప్పుడు ఇంటింటా పడసాల గోడకు మరో ప్రసార కేంద్రం వెలిసింది. అదే వైఫై పెట్టె, రౌటర్ అంటున్నాం. దాని శక్తి సాధారణంగా వాటులో పదో వంతు, అటూ ఇటూగా. దాని అల పన్నెండున్నర సెంటీమీటర్లు, జానెడు కూడా ఉండదు. రెండు లక్షల వాట్లకూ దీనికీ పోలిక చూస్తే ఇరవై లక్షల వంతుల తేడా. అయినా ఈ చిన్న పెట్టె మీద ఇవాళ పిల్లల చదువులు, పెద్దల ఉద్యోగాలు, డాక్టరుతో మాటలు, బ్యాంకు పనులు ఆధారపడి ఉన్నాయి. 2020 మార్చిలో లాక్‌డౌన్ ప్రకటించినప్పుడు బెంగళూరు సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో పనిచేసే మన పిల్లలు ఎందరో మూటాముల్లె సర్దుకుని సొంత ఊళ్ళకు వచ్చేశారు. ఇంటి వెనక గదిలో కూర్చుంటే సిగ్నల్ అందదు, పడసాలలో కూర్చుంటే వచ్చేపోయే జనం. చాలామంది ఇళ్ళలో "దూరం అందే రౌటర్ ఏది?" అన్న ప్రశ్న అప్పుడే పుట్టింది. ఈనాటి ప్రసంగంలో ఆ ప్రశ్నకు చరిత్రలో ఏమి జవాబు దొరుకుతుందో చూద్దాం. కంపెనీల పేర్లు మాత్రం నేను చెప్పను. ఈ ఏడు మంచి సరుకు చేసిన కంపెనీ వచ్చే ఏడు అదే పేరుతో నాసిరకం అమ్మవచ్చు.

కన్నడ దేశంలో రేడియో మొదలైంది ఒక ఇంట్లోనే. 1935 సెప్టెంబరు 10న మైసూరు మహారాజా కళాశాలలో మనస్తత్వశాస్త్రం చెప్పే ఆచార్యుడు ఎం.వి. గోపాలస్వామి తన ఇంట్లో 30 వాట్ల చిన్న ట్రాన్స్‌మిటర్ పెట్టి ప్రసారాలు ప్రారంభించారు. దానికి ఆయన పెట్టుకున్న పేరు ఆకాశవాణి. ఆ పేరునే తరువాత దేశమంతా తీసుకున్నది. ముప్పై వాట్లంటే ఒక చిన్న బల్బు శక్తి. గాలిలో పోటీ లేని రోజులవి కనుక ఆ ముప్పై వాట్లే ఊరంతటికీ గొంతు కాగలిగాయి.

ఆ రోజుల్లో ఇంట్లో రేడియో పెట్టె ఉంచుకోవడానికే లైసెన్సు కావాలి. 1933లో వచ్చిన వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టం ప్రకారం అనుమతి లేకుండా వైర్‌లెస్ పరికరం దగ్గర పెట్టుకోవడం నేరం. పోస్టాఫీసులో ఏటా రుసుము కట్టి, చిన్న పుస్తకంలో స్టాంపు అంటింపజేసుకుని దాచుకున్న ఇళ్ళు మన వైపు చాలా ఉండేవి. 1980ల మధ్యలో గానీ ఆ బాదరబందీ తీరలేదు. వినడానికే ఇంత తతంగమైతే ఇక పలకడానికి సామాన్యుడికి అనుమతి ఎక్కడిది? మన వైఫై పెట్టె వింటుంది, పలుకుతుంది కూడా. అలాంటి యంత్రం లైసెన్సు లేకుండా ఇంట్లోకి రావడమే ఈ చరిత్రలో పెద్ద మలుపు. దాని దగ్గరకు తరువాత వద్దాం.

వైర్‌లెస్ విద్యకు బెంగళూరు మొదటినుంచీ ఆటపట్టు. భారతీయ విజ్ఞాన సంస్థలో, అంటే జనం టాటా ఇన్‌స్టిట్యూట్ అని పిలిచే చోట, 1946లోనే విద్యుత్ సమాచార ఇంజనీరింగ్‌కు ప్రత్యేక విభాగం ఏర్పడింది. 1948లో టెలిఫోన్లు చేసే ఐ.టి.ఐ. వచ్చింది. 1954లో జాలహళ్ళిలో భారత్ ఎలక్ట్రానిక్స్ వెలిసింది. 1960ల్లో దేశంలోని రేడియో పెట్టెలకు కావలసిన వాల్వులు, ట్రాన్సిస్టర్లు ఇక్కడ తయారయ్యాయి. చిత్తూరు, అనంతపురం, కోలారు జిల్లాల నుంచి ఐ.టి.ఐ. చదివిన కుర్రాళ్ళు, డిప్లొమా చేసినవాళ్ళు ఈ కర్మాగారాల్లో చేరి బెంగళూరులో స్థిరపడ్డారు. ఇవాళ సాఫ్ట్‌వేర్ కుర్రాళ్ళు ఎక్కే బస్సు దారిని ముందు తరం ఎప్పుడో తొక్కి చదును చేసింది.

అయితే వైఫై అల కథ బెంగళూరులో మొదలు కాలేదు. 1894-96 సంవత్సరాల మధ్య కలకత్తాలో జగదీశ్ చంద్ర బోసు చాలా పొట్టి రేడియో అలలతో, మిల్లీమీటర్ల లెక్కలో కొలిచే అలలతో ప్రయోగాలు చేశారు. సభ మధ్య గోడలు అడ్డం ఉండగానే దూరంగా ఉన్న గంట మోగించి చూపించారు. పొట్టి అలల మీద ప్రపంచం మళ్ళీ గంభీరంగా దృష్టి పెట్టడానికి చాలా దశాబ్దాలు పట్టింది. సముద్రాలు దాటాలంటే పొడవు అలలు కావాలి. అందుకే రేడియో వ్యాపారమంతా అటు వెళ్ళింది.

పొట్టి అలలు చివరకు వంటింటి పాలయ్యాయి. 1947లో అట్లాంటిక్ సిటీలో జరిగిన అంతర్జాతీయ సమావేశంలో కొన్ని పౌనఃపున్యాలను సమాచారానికి కాకుండా పరిశ్రమలకు, వైద్యానికి, శాస్త్ర పరిశోధనకు వదిలిపెట్టారు. 2.4 గిగాహెర్ట్జ్ ప్రాంతం అందులోదే. మైక్రోవేవ్ పొయ్యి నడిచేది అక్కడే. పొయ్యిల రొద ఉన్న చోట మాట వినపడదు కనుక దానికి ఎవరూ విలువ కట్టలేదు. 1985లో అమెరికా ప్రభుత్వ సమాచార సంఘం ఆ పనికిరాని జాగాలో లైసెన్సు లేకుండా ఎవరైనా తక్కువ శక్తితో మాట్లాడుకోవచ్చునని తీర్మానించింది. ఊరి బయట గుండ్రాళ్ళ బీడును పంచాయతీ అందరికీ విడిచిపెట్టినట్టన్నమాట. ఆ బీడులోనే ఇవాళ ప్రపంచమంతా కాపురముంది.

మొదట దిగినవారు గల్లాపెట్టె యంత్రాలు చేసే కంపెనీవారు. పెద్ద దుకాణాల్లో బల్లలు అటూ ఇటూ మార్చినప్పుడల్లా తీగలు పీకి మళ్ళీ లాగాలి. ఆ బాధ తప్పించుకోవడానికి ఎన్.సి.ఆర్. సంస్థ హాలెండులోని తన శాఖలో ఒక పద్ధతి తయారు చేసింది. అక్కడి ఇంజనీరు విక్ హేస్ 1990 నుంచి పదేళ్ళు ఒక ప్రమాణాల సంఘానికి అధ్యక్షత వహించి, వేరువేరు కంపెనీల పరికరాలు ఒకే భాష మాట్లాడేలా చేశారు. 1997లో మొదటి ప్రమాణం వచ్చింది. 1999లో సెకనుకు 11 మెగాబిట్ల రకం వచ్చింది. వైఫై అన్న పేరు పుట్టిందీ ఆ ఏడాదే. పెద్ద దుకాణంలో గల్లాపెట్టెలను కలపడానికి పుట్టిన విద్య ఇది. ఊరు దాటాలని గానీ, మూడంతస్తుల ఇంట్లో నాలుగు రాతి గోడలు చీల్చాలని గానీ దీన్ని కన్నవారు ఆశపడలేదు.

ఈ విద్యకు మరో పూర్వీకుడు హవాయి దీవుల్లో ఉన్నాడు. 1971లో అక్కడి విశ్వవిద్యాలయంలో నార్మన్ అబ్రాంసన్ బృందం దీవుల మధ్య కంప్యూటర్లను రేడియో ద్వారా కలిపింది. దాని పేరు అలోహా. అందరికీ ఒకటే తరంగం. ఎవరికి మాట ఉంటే వారు పలకాలి. ఇద్దరూ ఒకేసారి పలికి మాటలు కలిసిపోతే, కాసేపు ఊరుకుని మళ్ళీ పలకాలి. ఎంతసేపు ఊరుకోవాలన్నది ఎవరికి వారు చీట్లు తీసినట్టు తేల్చుకుంటారు. వైఫై పెట్టెలోని మర్యాద కూడా దాదాపు ఇదే, పలికే ముందు ఎవరైనా మాట్లాడుతున్నారా అని చెవి ఒగ్గడం ఒక్కటి అదనం.

మారతహళ్ళిలోనో, కె.ఆర్. పురంలోనో మన పిల్లలు ఉండే పేయింగ్ గెస్టు హాస్టళ్ళకు వెళ్ళి చూస్తే ఈ మర్యాద ఎంత కష్టంలో ఉందో తెలుస్తుంది. అంతస్తుకో పెట్టె, గదికి ముగ్గురో నలుగురో, మనిషికి రెండు ఫోన్లు. పక్క మేడల పెట్టెలూ అదే గాలిలో పలుకుతుంటాయి. 2.4 గిగాహెర్ట్జ్‌లో ఒకదానికొకటి అడ్డం రాని దారులు వాడుకలో మూడే: ఒకటి, ఆరు, పదకొండు. మూడు దారుల్లో ముప్పై బండ్లు నడవాలి. అక్కడ ఎక్కువ దూరం అందే పెట్టె తెచ్చి పెడితే ఏమవుతుంది? దాని గొంతు మరో పది ఇళ్ళకు వినపడుతుంది, ఆ పది ఇళ్ళ గొంతులూ దీనికి వినపడతాయి. చెవి ఒగ్గి ఎదురుచూడడం మరింత పెరుగుతుంది. కిక్కిరిసిన పేటలో దూరం అందడం గుణం కాదు, దోషం. అక్కడ 5 గిగాహెర్ట్జ్ అల మేలు. అది గోడలు సరిగ్గా దాటలేదు కనుకనే పక్కింటి రొద మనదాకా రాదు. ఉన్న దారులూ ఎక్కువ.

2003లో ఫ్రాన్సులోని గ్రెనోబుల్ పరిశోధకులు మరో వింత బయటపెట్టారు. ఒకే పెట్టె దగ్గర ఉన్నవారిలో ఒక్కడు దూరంగా మూల గదిలో కూర్చుని నెమ్మదిగా మాట్లాడుతుంటే, దగ్గరున్న వారందరి వేగమూ అతని స్థాయికి పడిపోతుంది. పలికే వంతు అందరికీ సమానమే గానీ, అతని ఒక్క మాట పూర్తి కావడానికి పట్టే సమయం ఎక్కువ. తరువాత వచ్చిన పరికరాలు దీనికి కొంత విరుగుడు చూపాయి. అయినా దూరపు గదిలోని ఫోను ఇల్లంతటికీ భారమన్న సంగతి అలాగే ఉంది.

బెంగళూరులో వైర్‌లెస్ డేటా చరిత్ర వైఫై కన్నా పాతది. 1985లో టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ ఇక్కడ కార్యాలయం తెరిచింది. తీగల మీద నమ్మకం లేక తన రాతలు అమెరికాకు పంపడానికి ఉపగ్రహ సంబంధం ఏర్పాటు చేసుకున్నది. ఆ డిష్‌ను ఎద్దుల బండి మీద తరలించారన్న కథ ఈ నగరంలో అందరూ చెప్పుకునేదే. 1991లో సాఫ్ట్‌వేర్ టెక్నాలజీ పార్కుల సంస్థ ఏర్పడ్డాక, ఎలక్ట్రానిక్స్ సిటీ భూకేంద్రం నుంచి ఉపగ్రహం దాకా దారి సిద్ధమైంది. వచ్చిన చిక్కల్లా ఊళ్ళోపలి ఆఖరి మైళ్ళదే. రోడ్డు తవ్విన ప్రతిసారీ కేబులు తెగుతుంది. అందుకని వాళ్ళు మేడల మీద మైక్రోవేవ్ డిష్‌లు పెట్టి, ఒకదానికొకటి కనపడేలా తిప్పి, కంపెనీలకు రేడియో దారి వేశారు. బెంగళూరు సాఫ్ట్‌వేర్ తొలిరోజుల్లో తీగ చేయలేని పని గాలి చేసింది. కానీ ఎలా చేసింది? ఎత్తు మీద, రెండు వైపులా డిష్ పెట్టి, మధ్యలో చెట్టూ గోడా లేకుండా చూసి చేసింది.

ఇక సామాన్యుడి వంతు 2005 జనవరిలో వచ్చింది. ఆ నెలలోనే బి.ఎస్.ఎన్.ఎల్. తన బ్రాడ్‌బ్యాండ్ సేవ ప్రారంభించింది. ఆ నెల 28వ తేదీనాటి ప్రకటనతో కేంద్ర ప్రభుత్వం 2.4 గిగాహెర్ట్జ్ జాగాలో లైసెన్సు అవసరం తీసివేసింది. ఆంటెనా ఇచ్చే బలంతో కలిపి 4 వాట్లు దాటరాదని హద్దు గీసింది. 5 గిగాహెర్ట్జ్‌ను మొదట కట్టడాల లోపలికే పరిమితం చేసి, 2018 అక్టోబరులో బయట కూడా వాడుకోవచ్చునని విస్తరించింది. రేడియో వినడానికి స్టాంపు అంటించిన తరం బతికుండగానే, ఇంటింటికీ పలికే హక్కు వచ్చింది. దీన్ని మనం పండగలా జరుపుకోలేదు గానీ, జరుపుకోదగినదే.

2014 జనవరిలో కర్ణాటక ప్రభుత్వం ఎం.జి. రోడ్డు, బ్రిగేడ్ రోడ్డు వంటి చోట్ల నమ్మ వైఫై పేరుతో ఉచిత సేవ పెట్టింది. కొన్నేళ్ళకు అది ఆగిపోయింది.

ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాం. వైఫై ఎంత దూరం పోగలదు? 2007లో వెనెజులాలో ఎర్మానో పియెత్రోసెమోలి అనే ఆచార్యుడు ఒక పర్వతం నుంచి మరో పర్వతానికి 382 కిలోమీటర్ల దూరం వైఫై పరికరాలతో సంబంధం కలిపి చూపారు. ఇది విని మన ఇంట్లో ముప్పై అడుగులు ఎందుకు పోదని ఎవరైనా అడగవచ్చు. ఆయనకు రెండు చివరలా పెద్ద డిష్‌లున్నాయి, మధ్యలో గాలి తప్ప ఏమీ లేదు. మన ఇంట్లో ఒక చివర పెట్టె, రెండో చివర చేతిలో ఫోను. ఆ ఫోనుకు డిష్ ఎవరు కడతారు?

కీలకమంతా ఇక్కడే ఉంది. ఆకాశవాణి పలికితే మీరు విన్నారు, మీ రేడియో తిరిగి పలకనక్కరలేదు. అందుకే స్టేషను ఎంత పెద్దదైతే అంత దూరం అందింది. వైఫైలో ప్రతి మాటకూ "ముట్టింది" అని జవాబు రావాలి. గుట్ట మీద మైకు పెట్టి ఒకడు కేకేస్తే ఊరంతా వింటుంది. కింద చేలో ఉన్న పిల్లవాడు "ఆఁ" అంటే గుట్ట మీదికి వినపడదు. పిల్లవాడి గొంతు పెంచకుండా మైకు ఎంత పెంచినా సంభాషణ సాగదు. బ్యాటరీ మిగుల్చుకోవాలి కనుక ఫోను గొంతు పెట్టె గొంతు కన్నా చిన్నది. ఫోనులో సిగ్నల్ గీతలు నిండుగా కనిపిస్తూ బొమ్మ మాత్రం తిరుగుతూ ఉండిపోతే, చాలాసార్లు జరుగుతున్నది ఇదే. అందుచేత అట్టపెట్టె మీద "లాంగ్ రేంజ్" అని రాసి ఉంటే అందులో సగం సంగతే ఉన్నట్టు. బయలు ప్రదేశంలో దూరం రెట్టింపు కావాలంటే శక్తి నాలుగింతలు కావాలి. దానికి చట్టం గీసిన గీత కూడా ఉంది.

మరి ఆంటెనాలు? నాలుగు కొమ్ములున్నదాని కన్నా ఎనిమిది కొమ్ములున్నది గొప్పదని దుకాణంలో చెబుతారు. ఆంటెనా శక్తిని పుట్టించదు. పిండి ముద్దను తట్టి జొన్నరొట్టె చేసినట్టు, ఉన్నదాన్ని ఒక వైపు పరుస్తుంది. రొట్టె వెడల్పయ్యే కొద్దీ మందం తగ్గుతుంది. నిలువుగా పెట్టిన ఆంటెనా అల అదే అంతస్తులో విశాలంగా పరుచుకుంటుంది గానీ, పైకీ కిందికీ తగ్గుతుంది. మిద్దె మీద గది ఉన్నవారు ఒక ఆంటెనాను పక్కకు వాల్చి చూడడం మంచిది. పైసా ఖర్చు లేని పని.

దూరపు వైఫై మీద లోకంలోనే విలువైన అనుభవం కొంత మన దక్షిణాదిలో వచ్చింది. తమిళనాడు తేని జిల్లాలో అరవింద్ కంటి ఆసుపత్రికీ, పల్లెల్లోని దాని దృష్టి కేంద్రాలకూ మధ్య 2000ల దశకం మధ్యలో అమెరికాలోని బర్కిలీ విశ్వవిద్యాలయం నుంచి ఎరిక్ బ్రూవర్ బృందం వైఫై దారులు వేసింది. పల్లెలో రోగి కూర్చుంటే ఆసుపత్రిలో డాక్టరు బొమ్మలో చూసి మాట్లాడతారు. మామూలు వైఫై జవాబు కోసం ఆగే సమయం మైళ్ళ దూరానికి చాలదు కనుక, వాళ్ళు పలికే వంతులను గడియారం ప్రకారం కేటాయించేలా సాఫ్ట్‌వేర్ మార్చారు. అదే కాలంలో మన పశ్చిమ గోదావరిలో బైర్రాజు ఫౌండేషను భీమవరం చుట్టూ గ్రామాలకు అశ్విని పేరుతో ఇలాంటి వైఫై వల వేసింది. ఈ విషయంలో కామేశ్వరి చేబ్రోలు, భాస్కరన్ రామన్ వంటి మన దేశ పరిశోధకులు లెక్కలు వేసి తేల్చినది ఒకటుంది. రేడియో పరికరాలు చవక, వాటిని ఎత్తున నిలబెట్టే టవరే ఖరీదు. దూరపు దారుల్లో అడ్డంకి ఎక్కువగా ఇతర వైఫైల రొద వల్లనేనని కూడా వారు కొలిచి చూపారు. మన పొరుగున తుమకూరు జిల్లా దేవరాయనదుర్గ ప్రాంతంలో బెంగళూరుకు చెందిన జనస్తు సంస్థ ఊళ్ళ మధ్య మెష్ పద్ధతి వైఫై నడిపింది.

తేని అనుభవంలో నాకు అన్నిటికన్నా ముఖ్యంగా తోచింది వేరే ఉంది. ఆ బృందం 2008లో ఒక నివేదిక వెలువరించింది. వైఫై దారులు తెగిపోవడానికి పెద్ద కారణం రేడియో కాదట, కరెంటు. వోల్టేజి ఉన్నట్టుండి ఎగరడం, పడిపోవడం, పోయి వచ్చేటప్పుడు కొట్టే దెబ్బ. పెట్టె కాలిపోతుంది, లేదా లోపలి జ్ఞాపకం చెడిపోయి కొయ్యబారిపోతుంది. అక్కడున్నవారు రేడియో చెడిందని అనుకుంటారు. ఎండాకాలం సాయంత్రాల్లో కరెంటు ఎలా ఊగిసలాడుతుందో మన శ్రోతలకు నేను చెప్పాలా? నమ్మకమైన రౌటర్ అంటే ముందు నమ్మకమైన కరెంటు. ఫ్యానుకూ లైటుకూ ఇన్వర్టరు ఉన్న ఇంట్లో కూడా రౌటర్ ప్లగ్గు దానికి కలపనివారున్నారు. ఇన్వర్టరు లేనివారికి రౌటర్ కోసమే చేసిన చిన్న బ్యాటరీ పెట్టెలు వచ్చాయి. రౌటర్ అడాప్టరు మీద 12 వోల్టులని ఉందో, 9 అని ఉందో, ఎన్ని ఆంపియర్లో చూసుకుని దానికి సరిపడేది కొనాలి. ఫైబరు వచ్చిన ఇంట్లో ఆ ఫైబరు పెట్టెకు కూడా కరెంటు కావాలని మరిచిపోరాదు. ఒకదానికి పెట్టి రెండోదాన్ని వదిలితే ప్రయోజనం లేదు.

ఇక గోడల మాట. బెంగళూరు కొత్త అపార్టుమెంట్లలో కాంక్రీటు, ఇనుప కడ్డీలు. మన వైపు పాత ఇళ్ళలో మూరెడు మందం రాతి గోడలు, మిద్దెలు, బండల కప్పులు. ఇటుక గోడ అల శక్తిలో సగమో, అంతకన్నా ఎక్కువో తినేస్తుంది. రాతి గోడ, కాంక్రీటు కప్పు దాటాక పదో వంతు మిగిలితే గొప్ప. ఇనుప బీరువా, నిలువుటద్దం, నీళ్ళ ట్యాంకు చెప్పనే అక్కరలేదు. ఇన్ని దాటించే రౌటర్ కోసం వెతకడం కన్నా, గోడకు సన్నని రంధ్రం వేసి తీగ పంపడం చవక, శాశ్వతం. దూరానికి తీగ, దగ్గరకు గాలి, ఇదే ఇంటికి పనికివచ్చే సూత్రం. పడసాల పెట్టె నుంచి నెట్‌వర్క్ కేబులు వెనక గదికి లాగి, అక్కడ రెండో చిన్న పెట్టె పెడితే, రెండూ కలిపి ఒక ఖరీదైన పెట్టె ధరలో సగానికే రావచ్చు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ ఫైబర్‌నెట్ 2017 డిసెంబరులో ప్రారంభమైనప్పుడు కరెంటు స్తంభాల మీదుగానే తీగను ఇంటి గడప దాకా తెచ్చారు. గడప దాకా వచ్చిన తీగను మరో ఇరవై అడుగులు లోపలికి రానివ్వడానికి మనం ఎందుకు సందేహించాలి?

తీగ లాగడం కుదరని అద్దె ఇళ్ళున్నాయి. అక్కడ రిపీటర్లు, మెష్ పెట్టెలు వాడతారు. రిపీటరు విన్న మాటనే అదే దారిలో మళ్ళీ పలుకుతుంది కనుక వేగం సుమారు సగానికి పడిపోతుంది. పాఠం వినడానికి అది చాలవచ్చు. మెష్‌లో పెట్టెలు తమలో తాము మాట్లాడుకోవడానికి వేరే దారి ఉన్న రకం తీసుకుంటే నష్టం తక్కువ. దాన్ని సిగ్నల్ అందని గదిలో పెట్టరాదు. అందే చోటికీ అందని చోటికీ నడుమ పెట్టాలి. అందని చోట పెట్టిన దానికి వినడానికే ఏమీ ఉండదు కదా.

ఇంకొక సంగతి. 2008 జులైలో అహ్మదాబాదు పేలుళ్ళకు ముందు వచ్చిన బెదిరింపు ఈమెయిలు నవీ ముంబయిలో ఒకరి ఇంటి వైఫై ద్వారా వెళ్ళిందని దర్యాప్తులో తేలింది. ఆ వైఫైకి తాళం లేదు. సంబంధం లేని మనిషి గుమ్మంలోకి పోలీసులు వచ్చారు. దూరం అందే పెట్టె మన గుట్టును కూడా అంత దూరం మోస్తుంది. పాత డబ్ల్యు.ఇ.పి. తాళం 2001లోనే బద్దలైంది. డబ్ల్యు.పి.ఎ. రెండో రకమో, 2018లో వచ్చిన మూడో రకమో ఉండాలి. పెట్టెతో వచ్చిన పాస్‌వర్డు మార్చాలి. చేసిన కంపెనీ ఎన్నేళ్ళ వరకు సాఫ్ట్‌వేర్ సవరణలు ఇస్తుందో అడగాలి. ఇనుములా గట్టిగా కనిపించే పెట్టె కూడా సవరణలు ఆగిపోతే గొళ్ళెం లేని తలుపుతో సమానం.

బెంగళూరు వెళ్ళినప్పుడు ఎస్.పి. రోడ్డులో, అంటే సాదర్ పత్రప్ప రోడ్డులో, ఈ సామాను గుట్టలుగా దొరుకుతుంది. బేరం కుదురుతుంది. విదేశాల నుంచి వచ్చినదని చవకగా చూపే పెట్టెల విషయంలో జాగ్రత్త పడాలి. అక్కడి పౌనఃపున్యాల హద్దులు వేరు, మన హద్దులు వేరు. మన దేశంలో అమ్మేదానికి కేంద్ర వైర్‌లెస్ విభాగం నుంచి రకపు ఆమోదం, ఇ.టి.ఎ. అంటారు, ఉండాలి. 6 గిగాహెర్ట్జ్ దిగువ భాగం విషయంలో 2025 మే నెలలో కేంద్రం ముసాయిదా నియమాలు ప్రకటించింది. ఆ పౌనఃపున్యం పేరు చెప్పి ఎక్కువ ధర అడిగితే, దానితో మాట్లాడగల ఫోను మన ఇంట్లో ఒక్కటైనా ఉందా అని ముందు చూసుకోవాలి. లేకపోతే రెండు పౌనఃపున్యాల పెట్టె చాలు.

కొనే ముందు ఇంట్లో చేయవలసిన చిన్న పని ఒకటుంది. ఉన్న పెట్టెనే గోడ మూల నుంచి తీసి, ఇంటి నడుమకు, మనిషి తలకు కాస్త ఎత్తున, బీరువాకూ టీవీకీ దూరంగా తాత్కాలికంగా పెట్టండి. అన్ని తలుపులూ మూసి, రాత్రి ఎనిమిది తొమ్మిది గంటల మధ్య, ఇరుగుపొరుగు అందరూ వాడుతున్న వేళ, ఫోను చేతిలో పట్టుకుని గది గదికీ నడవండి. ఎక్కడ తెగిపోతుందో అక్కడ సుద్దతో గీత గీయండి. ఆ గీతకు అవతల ఒక్క గదే ఉంటే ఒక తీగ, ఒక చిన్న పెట్టె సరిపోతాయి. గీత ఇంటి నడుమనే పడితే కొత్త రౌటర్ మాట ఆలోచించవచ్చు. కొన్న తరువాత కూడా బిల్లు పారేయకుండా, తిరిగి ఇచ్చే గడువు దాటకముందే, అదే వేళకు అదే సుద్ద గీత దగ్గర మరోసారి నిలబడి చూడండి.